తొమ్మిదో గట్టు ఊ లెక్క

రోజు 1

నోటుబుక్కులో ఎడమ పేజీ జరిగినదానికి, కుడి పేజీ అర్థం కానిదానికి. స్కూల్లో సిస్టర్ బెర్నడెట్ నేర్పిన పద్ధతి. కుడి పేజీ ఖాళీగా ఉంటే ఆవిడ ఊరుకునేవారు కాదు. "అన్నీ అర్థమైపోయాయా నీకు?" అని అడిగేవారు.

నన్ను తొమ్మిదో గట్టు వాహినికి చదువరిగా పెట్టారు. రోజూ ప్రసారంలో ఏదో ఒకటి చదివి వినిపించాలి. ఇన్నాళ్ళూ చదివిన సుగంధిని పెద్ద వాహినివాళ్ళు పిలిస్తే రెండో గట్టుకి వెళ్ళిపోయింది. పంపుల షెడ్డులో మీటింగు పెట్టుకున్నారట. బాబాయి లేచి, "మా జసింత కాన్వెంటులో చదివింది. ఒక్క తప్పు లేకుండా చదువుద్ది" అన్నారట. నేను అక్కడ లేను. ఉండి ఉంటే వద్దనేదాన్ని. అనగలిగేదాన్ని కాదేమో కూడా.

ముప్ఫై రోజుల గడువు ఉంది. ముప్ఫయ్యో రోజు చదివి "సమాప్తం" అనగానే గంట మోగుతుంది. ఆ క్షణానికి వినేవాళ్ళ మణికట్ల మీద నూట యాభై పూసలు వెలుగుతూ ఉండాలి. ఇప్పటికి రెండు విడతలు తప్పాం. మూడోది కూడా తప్పితే మంచినీళ్ళు తెచ్చే లాంచీ ఇక మా రేవులో ఆగదు. కిందటేడు ఏడో గట్టులో ఆగడం మానేసింది. అక్కడివాళ్ళు కొన్నాళ్ళు ఆరో గట్టు నుంచి మంచినీళ్ళ పీపాలు మోసుకున్నారు. ఇప్పుడక్కడ కొంగలుంటున్నాయి.

కుడి పేజీ: నన్నెందుకు?

రోజు 2

పొద్దున పది గంటలకి ప్రసారం. మా గట్టులో అందరూ పంపుల మీద రాత్రి డ్యూటీ వాళ్ళే. రాత్రంతా సముద్రాన్ని గోడ అవతలికి తోడి, తెల్లారాక ఇంటికొచ్చి, తిని, పదింటికి నడుం వాలుస్తారు. గోడపెట్టెలో ప్రసారం వినే తీరిక వాళ్ళకి అప్పుడే.

మా ఇంట్లో కర్టెన్‌కి ఇటు నేను, మైకు, కెమెరా. అటు బాబాయి మంచం. గోడవైపు తిరిగి చదివాను. గోడ ఏమీ అనదు.

పుస్తకాలు స్కూలు లైబ్రరీవే. వరదలో నానితే పిన్ని తాడు మీద ఆరేసి కుట్టింది. పక్షుల గురించి ఒకటి, పచ్చళ్ళ గురించి ఒకటి, కొన్ని చిన్న కథల పుస్తకాలు, ఒక పాత రైల్వే టైంటేబుల్. ఈరోజు పక్షులు చదివాను. ఎక్కడా తడబడలేదు. చివర "సమాప్తం" అన్నాను. గంట మోగింది. లెక్క: సున్నా.

రోజు 4

మళ్ళీ సున్నా. మూడు రోజులుగా ఇంతే.

పక్కింటి నూకరత్నం అక్క గిన్నెలు తోముతూ అడిగింది. "ఏంటే, మొహం అలా పెట్టేవు?"

"ఎవరూ వినడం లేదక్కా."

"ఎవరే నీకు సెప్పింది? నేనింటన్నాను. మా ఇంట్లో నలుగురం ఇంటన్నాం. నువ్వు సెప్పిన పెతీదానికీ ఆయ్ ఆయ్ అంటానే ఉన్నాం!"

అప్పుడు తెలిసింది. మణికట్టు మీది పూసకి ఒక్క "ఊ" మాత్రమే తెలుసు. ఊ అంటే ఒక నిమిషం పచ్చగా వెలిగి ఆరిపోతుంది. "ఆయ్" అంటే దానికి అర్థం కాదు. అది తయారుచేసినవాళ్ళు ఈ వైపువాళ్ళు కారు. సుగంధి ముందే చెప్పి ఊ అనిపించుకునేదట. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

బాబాయి సాయంత్రం పంపులకి వెళ్తూ గట్టు పొడుగునా అరిచారు. "ఒరేయ్, ఆయ్ అనకండర్రా! ఊ కొట్టండి, ఊ!"

"ఆయ్!" అన్నారు అందరూ.

రోజు 5

లెక్క: ముప్ఫై ఒకటి.

నా పూస ఇంతవరకు ఒక్కసారీ వెలగలేదు. స్కూల్లో ఊ అంటే సిస్టర్ బెర్నడెట్ స్కేలు తీసేవారు. "ఊ మాట కాదు, బద్ధకం. నోరు తెరిచి ఎస్ సిస్టర్ అను." పన్నెండేళ్ళు అలాగే అన్నాను. ఇప్పుడు అందామన్నా గొంతులోనే ఆగిపోతుంది.

రోజు 7

వాహినుల ఆఫీసు నుంచి హిమకర్ గారు తెర మీద పాఠం చెప్పారు. పాఠం పేరు "ఆన్‌లైన్‌లో నెగ్గడం ఎలా". మొత్తం పన్నెండు పాఠాలు. ఆయన నవ్వు ఆపకుండా మాట్లాడతారు.

"మొదటి ఏడు సెకన్లలో పట్టుకోవాలమ్మా. పట్టుకున్నాక వదలకూడదు. మొహం చూపించాలి. చిన్న చిన్న వాక్యాలు వాడాలి. ప్రతి వాక్యం తర్వాత ఊ కొట్టే సందు వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం, సమాప్తం అన్న మాట వీలైనంత వెనక్కి నెట్టాలి. అది అన్నావంటే గంట మోగుతుంది, లైను పక్క గట్టుకి పోతుంది. అర్థమైందా?"

"ఎస్ సర్."

"ఊ అనొచ్చమ్మా, పర్లేదు."

అనలేకపోయాను.

రోజు 9

ఊ కొట్టడానికి సందు ఎందులో ఎక్కువుందా అని వెతికి టైంటేబుల్ తీశాను. అన్నీ పొట్టి వాక్యాలే. ఆ రైళ్ళు ఇప్పుడు లేవు. కొన్ని ఊళ్ళూ లేవు.

"సామర్లకోట. ఆగును. పిఠాపురం. ఆగును. గొల్లప్రోలు. ఆగదు. అన్నవరం. ఆగును. తుని. ఆగును."

గోడ అవతల నూకరత్నం అక్క గొంతు వినిపించింది. "మా అమ్మమ్మది గొల్లప్రోలే! అక్కడెందుకాగదు? ఆపమ్మా బండిని!"

పుస్తకంలో ఆగదని ఉంది. ఉన్నది ఉన్నట్టు చదవడమే నాకు తెలుసు. తర్వాతి బండి చదివాను. అదీ ఆగదు.

మధ్యలో పూసలు నూట డెబ్బై దాకా వెలిగాయి. గంట వేళకి పంతొమ్మిది.

రోజు 10

హిమకర్ గారు గీత గీసి చూపించారు. మొదట కొండలా లేస్తోంది. పద్నాలుగో నిమిషం నుంచి కిందికి జారిపోతోంది.

"ఇక్కడ నీ శ్రోతలు పారిపోతున్నారు. నువ్వు విసిగిస్తున్నావు."

నాకూ అనుమానంగానే ఉంది. పద్నాలుగో నిమిషానికల్లా కర్టెన్ అవతల బాబాయి గురక మొదలవుతోంది. సొంత మనిషే వినలేకపోతే బయటివాళ్ళ మాట చెప్పాలా?

పిన్నిని అడిగాను. ఆవిడ చేపలు శుభ్రం చేస్తూ, "మీ బాబాయికి పంపుల హోరు చెవుల్లోంచి పోయి నిద్ర పట్టేసరికి మధ్యాహ్నమయ్యేది. ఇప్పుడు పదిన్నరకే పడుకుంటున్నారు. నీకేం వచ్చింది నష్టం?" అంది.

నష్టమేమిటో గీతలో కనిపిస్తోంది. పిన్నికి గీత చూపించాను. చేప చేతులతో ముట్టుకోనంది.

కుడి పేజీ: బాగా చదివితే వింటారా, నిద్రపోతారా?

రోజు 12

హిమకర్ గారి మూడో పాఠం: కొక్కెం. ప్రతిరోజూ చివర్లో ఏదో ఒకటి తగిలించి వదలాలి. వినేవాళ్ళు అక్కడే వేలాడాలి.

టైంటేబుల్‌లో కొక్కేలు లేవు. అందుకని నేనే ఒక కథ మొదలుపెట్టాను. వరదరోజు ఒక పడవలో ఒక పిల్ల తప్పిపోతుంది. పేరు చుక్కమ్మ, వయసు ఐదేళ్ళు. అందరూ వెతుకుతారు. ఈరోజుకి పడవ కింద ఆ పిల్ల చేతి గాజు దొరికింది.

గోడవైపు కాకుండా కెమెరావైపు తిరిగి చెప్పాను. చేతులు ఒళ్ళో దాచుకున్నాను.

లెక్క: ఎనభై ఎనిమిది.

రోజు 15

నూట ఇరవై ఆరు.

చుక్కమ్మ గౌను నీళ్ళలో తేలింది. గౌనులో పిల్ల ఉందా లేదా అన్నచోట సమాప్తం అన్నాను. గట్టంతా గొల్లుమన్నారు. నూకరత్నం అక్క మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఉందా లేదా? నాకొక్కదానికి సెప్పు. ఎవరికీ సెప్పను."

"రేపు వినక్కా."

"రేపటిదాకా నిద్దరెలా పడతాదే నాకు?"

సంతోషమేసింది. నా మాట కోసం ఎవరో గుమ్మంలో నిలబడటం నాకిదే మొదటిసారి.

రోజు 18

నూట అరవై నాలుగు. గడువు ఈరోజే అయ్యుంటే లాంచీ ఆగేది.

హిమకర్ గారు చప్పట్లు కొట్టారు. పద్నాలుగో నిమిషం దగ్గర గీత పడటం లేదు. చివరిదాకా పైకే వెళ్తోంది. బాబాయి గురక కూడా లేదు. కర్టెన్ అవతలి నుంచి "ఊ... ఊ..." అని వినిపిస్తూనే ఉంది. ప్రసారం అయ్యాక కూడా మంచం కిర్రుమంటోంది.

"పడుకోలేదా బాబాయ్?"

"ఆ గౌను సంగతే ఆలోచిస్తున్నాను. గౌను విప్పి ఈదిందంటావా? ఐదేళ్ళ పిల్లకి ఈత వచ్చా?"

నాకు తెలియదు. ముందేం జరుగుతుందో నేను ఆలోచించుకోలేదు. ప్రతిరోజూ ఆ రోజు కొక్కెం వరకే రాసుకుంటున్నాను.

రోజు 20

బాబాయి చెయ్యి మూడో పంపు బెల్టులో పడింది. రెండు వేళ్ళు పోయాయి.

నిలబడే కునుకు తీశారట. పంపు ఆగి, కింది వరస ఇళ్ళలోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి. తెల్లారి లాంచీలో నాలుగో గట్టు ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించుకొచ్చారు. లాంచీ రేవులో ఆగింది కాబట్టి తీసుకెళ్ళగలిగారు.

నన్నెవరైనా తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్ళు ఎత్తిపోస్తున్న నూకరత్నం అక్క కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఈ వారంలో నేను పడుకున్నది మొత్తం కలిపితే ఒక పూట ఉంటాదేమో. ఏదో లేమ్మా. సుక్కమ్మ సంగతి సెప్పు ముందు" అంది.

ఈరోజు ప్రసారం చెయ్యలేదు.

కుడి పేజీలో ఏమీ రాయలేదు. అర్థమైంది కాబట్టి.

రోజు 21

బాబాయి కట్టుచేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్నారు. పోటు వల్ల కంటిమీద కునుకు లేదు.

"జసింతా, ఆ పిల్ల దొరికిందా లేదా?"

"తెలియదు బాబాయ్."

"తెలియకుండా ఎలా చెప్తున్నావే?"

"హిమకర్ గారు అలా చెప్పమన్నారు."

ఆయన నవ్వబోయారు. కదిలితే నొప్పి. "నేను చుక్కమ్మ కోసం మెలకువగా ఉంటే, ఆ చుక్కమ్మ సంగతి నీకే తెలియదన్నమాట."

పదింటికి గోడవైపు తిరిగి టైంటేబుల్ తీశాను. గంట వేళకి లెక్క: ఇరవై రెండు. పద్నాలుగో నిమిషం నుంచి ఒక్కొక్క పూసా ఆరిపోతుంటే ఈసారి చూస్తూ కూర్చున్నాను. అది ఎవరూ పారిపోవడం కాదు. గట్టంతా పడుకుంటోంది.

రోజు 22

హిమకర్ గారికి కోపం వచ్చినా నవ్వు మానరు.

"నూట అరవై నాలుగు నుంచి ఇరవై రెండుకి? ఏమైందమ్మా?"

"వాళ్ళు నిద్రపోతున్నారండి."

"అదేగా నేను చెప్పేది!"

"వాళ్ళు నిద్రపోవాలండి. రాత్రికి పంపుల మీద నిలబడాలి."

ఆయన తెర మీద పాఠాల జాబితా తెరిచి చూపించారు. "నిద్రపోయిన శ్రోతకి విలువ లేదమ్మా. పాఠం నాలుగులో ఉంది" అన్నారు.

కథ చెప్తే లాంచీ ఆగుతుంది, పంపు ఆగిపోతుంది. టైంటేబుల్ చదివితే పంపు నడుస్తుంది, లాంచీ ఆగదు. ఏది చేసినా గట్టు ఖాళీ అవుతుంది. పిన్నికి చెప్పాను. "రెండూ ఎలా కుదురుతాయో చూడు. చదువుకున్నావుగా" అంది.

చదువుకున్నదాంట్లో ఇది లేదు.

రోజు 25

నిన్నటిదాకా నాలుగు రోజుల లెక్కలు: ఇరవై రెండు, ఇరవై, ఇరవై ఆరు, పద్దెనిమిది.

కింది వరస నుంచి ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి, నీళ్ళ పీపాలు మోయడానికి కావిడి బద్దలున్నాయా అని పిన్నిని అడిగారు.

రోజు 26

ఈరోజు నా వల్ల ఒక తప్పు జరిగింది. పూర్తిగా రాస్తాను.

టైంటేబుల్ తడికి మళ్ళీ ఊడిపోతే రాత్రి పిన్ని కుట్టింది. కుట్టేటప్పుడు కథల పుస్తకం చివరి పేజీ ఒకటి ఇందులో కలిసింది. సామర్లకోట, పిఠాపురం అయ్యాక పేజీ తిప్పితే పైనే "సమాప్తం" అని ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

గంట మోగింది. లైను పోయింది. అప్పటికి మూడో నిమిషం.

లెక్క: నూట డెబ్బై తొమ్మిది.

అంకెవైపు చూస్తూ ఉండిపోయాను. ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. పూసలు పాడయ్యాయనుకున్నాను. ఇంతలో బయట నూకరత్నం అక్క అరుపు వినిపించింది.

"ఏంటే, ఆపేసేవు? తుని రాలేదుగా ఇంకా! నిద్దర పట్టేలా ఉంది కదా అని ఇప్పుడే కళ్ళు మూసేను!"

"లైను పోయిందక్కా."

"లైను పోతే నీ గొంతు పోయిందా?"

గుమ్మంలో నిలబడి తుని దాకా చదివాను. నా గొంతు పక్క మూడిళ్ళకి మించి పోదు. నాలుగో ఇంటివాళ్ళు కేకేశారు. పుస్తకం పట్టుకుని నాలుగో ఇంటి దాకా వెళ్ళాను. తర్వాత ఐదో ఇంటికి.

రోజు 27

ఆఫీసు నియమాల పుస్తకం మొత్తం చదివాను. "చదువరి సమాప్తం అన్న క్షణాన లెక్క తీయబడును" అని ఉంది. ఎప్పుడు అనాలో లేదు. అందరూ వెనక్కి నెట్టేవాళ్ళే. ముందే అనేవాళ్ళుంటారని రాసినవాళ్ళకి తోచినట్టు లేదు.

కుడి పేజీ: ముగియనిదాన్ని ముగిసిందనడం అబద్ధమా? సిస్టర్ బెర్నడెట్ ఉంటే అడిగేదాన్ని. ఆవిడ స్కేలు తీసేవారా, నవ్వేవారా? ఎంత ఆలోచించినా తేలలేదు.

బాబాయిని అడిగాను. "నువ్వు చదవడం ఆపుతున్నావా?" అన్నారు.

"లేదు. బయటికెళ్ళి చదువుతున్నాను."

"మరి వాళ్ళ లెక్క వాళ్ళది, మన నిద్ర మనది."

రోజు 29

గట్టు ఈ చివర నుంచి ఆ చివరికి ఎనభై నాలుగిళ్ళు. మూడో నిమిషంలోనే సమాప్తం అనేసి, అన్నిటి ముందూ నడుస్తూ చదువుతున్నాను. మొదటి రోజు తల ఎత్తలేదు. గోడ లేని చోట ఎటు తిరగాలో తెలియలేదు. రెండో రోజుకి తెలిసింది. కిటికీల వెనక అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. నన్ను చూసేవాళ్ళు లేరు. ఇంత సుఖమైన శ్రోతలు ఇంకెక్కడా ఉండరు.

నేను దాటిన ఇంట్లో ఊ ఆగుతుంది. ముందున్న ఇంట్లో మొదలవుతుంది. చివరి ఇంటికి చేరేసరికి గట్టంతా నిశ్శబ్దం. అవతల సముద్రం ఒక్కటే వినిపిస్తుంది.

రోజు 30

పది గంటలకి కూర్చున్నాను. ఆఫీసు నుంచి ఇద్దరు, హిమకర్ గారు తెరలో ఉన్నారు.

"సామర్లకోట. ఆగును."

ఊ అన్నారు. కర్టెన్ అవతల బాబాయి కూడా.

"పిఠాపురం. ఆగును."

ఊ.

"గొల్లప్రోలు."

పుస్తకంలో ఆగదని ఉంది. ఇన్ని రోజులూ అదే చదివాను. వేలు ఆ మాట మీదే ఉంది.

"ఆగును" అన్నాను.

గోడ అవతలి నుంచి పెద్ద అరుపు వినిపించింది. "అదీ!" తర్వాత గుర్తొచ్చినట్టు, "ఊ! ఊ! ఊ కొట్టండర్రా!"

"సమాప్తం."

గంట మోగింది. నూట తొంభై ఒకటి.

తెర ఆరిపోయింది. పుస్తకం తీసుకుని, చెప్పులు వేసుకుని, అన్నవరం నుంచి మొదలుపెట్టాను. మొదటి ఇంటి ముందే ఒళ్ళంతా చెమట పట్టింది. ఎందుకో తెలియదు. లెక్క అయిపోయింది కదా. పదో ఇంటి దగ్గర తగ్గింది.

రోజు 31

పొద్దున ఆరింటికి రేవులో లాంచీ ఆగింది. నీళ్ళ పీపాలు దింపారు. రోజూ దింపేవే. అయినా అందరూ నిలబడి చూశారు. నూకరత్నం అక్క లాంచీ డ్రైవరుతో, "గొల్లప్రోలు ఎల్తాదా?" అని అడిగింది. అతనికి అర్థం కాలేదు.

హిమకర్ గారు నాకు ప్రశంసాపత్రం పంపారు. "శ్రోతలను చివరి వరకు నిలిపి ఉంచినందుకు" అని ఉంది. కింద చేతిరాతతో ఒక ముక్క కలిపారు: మిగిలిన గట్ల చదువరులకి మీరొక పాఠం చెప్పాలి, ఆ చివర్లో ఏ కొక్కెం వాడారు? జవాబు రాయడానికి కూర్చుని రెండుసార్లు లేచాను. ఆయనకి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం బాబాయికి గంజి తీసుకెళ్ళాను. చేతి పోటు వల్ల పదకొండు రోజులుగా ఆయనకి సరైన నిద్ర లేదు. టైంటేబుల్ కూడా పని చెయ్యలేదు.

"కూర్చో. నువ్వెలాగూ చెప్పవు. చుక్కమ్మ సంగతి నేనే చెప్తాను" అన్నారు.

నేల మీద కూర్చున్నాను.

"అది నీళ్ళలో పడలేదు. గౌను ఆరేసుకుంది, అది గాలికి ఎగిరిపోయింది. సరేనా?"

తలూపాను.

"తలూపితే నాకెలా తెలుస్తాదే? నేను కళ్ళు మూసుకున్నాను."

నోరు తెరిచాను. ఎస్ అని వచ్చేలా ఉంది. మింగేశాను.

"ఊ" అన్నాను.

మణికట్టు మీద పచ్చగా వెలిగింది. ఆ పూసలో ఆ రంగు ఉందని నాకు తెలుసు గానీ, నా చేతి మీద చూడలేదు.

"అందరూ కేకలేసుకుంటూ వెతుకుతున్నారు. అది వింటానే ఉంది."

"ఊ."

"పడవలో... వలలు చుట్టచుట్టి పెడతారు చూడు, ఆ వలల..."

"ఊ."

"ఆ వలల వెనకాల..."

"ఊ."

తర్వాతి మాట వినడానికి ముందుకి వంగాను. కట్టుచెయ్యి దిండు మీంచి మెల్లగా పక్కకి వాలింది. గురక మొదలైంది.

చెయ్యి తీసి మళ్ళీ దిండు మీద పెట్టాను. లేవలేదు. నిమిషం అయ్యాక నా పూస ఆరిపోయింది.

కుడి పేజీ: వలల వెనకాల ఏముంది?